షెడ్డు జాగాలో జెర్బెరాలు

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి! ఒక్క నిమిషం అలా కూర్చుని నేను చెప్పేది వినండి. చివర్లో మీ సలహా నాకు కావాలి, మొదలు వినకపోతే సలహా ఏం చెబుతారు? మా ఇంటి హాల్లో ఇప్పుడు మా మామ్మ మంచం పక్కనే ఒక స్కూటరు నిలబడి ఉంది. దాని హ్యాండిల్ మీద మామ్మ తడి తువ్వాలు ఆరుతోంది. బయట, స్కూటరు ఉండాల్సిన చోట, జెర్బెరాలు విరగబూస్తున్నాయి. ఇదంతా ఒక్క చలికాలంలోనే అయిపోయింది. పోయిన బతుకమ్మ పండగకి మొదలైంది.

ముందు ఆ జాగా గురించి చెప్పాలి. మా నాన్న రామ్మోహనరావు ఉప్పల్ రోడ్డు మీది ఒక సర్కారు ప్రయోగశాలలో పరికరాలు బాగుచేసే మెకానిక్కు. భీమవరం నుంచి ఉద్యోగానికొచ్చి, ఏళ్ళ తరబడి అద్దె గదులు మారి మారి, చివరికి నాచారంలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లంటే ముందొక హాలు, వెనకొక గది, వంటిల్లు. గేటుకీ మెట్లకీ మధ్య మాత్రం నాలుగు చాపలు పరిస్తే నిండిపోయేంత ఖాళీ నేల ఉంది. ఆ నేలని మేమెవ్వరం నేల అనకూడదు. "షెడ్డు" అనాలి. ఎందుకంటే నాన్న స్కూటరు బుక్ చేసి ఆరేళ్ళయింది, ఇంకా నంబరు రాలేదు, వచ్చినప్పుడు అది అక్కడే ఉంటుంది. "షెడ్డులో తుక్కు పొయ్యకండి," అనేవాడు బోడి నేలని చూపించి. తన సైకిలు కూడా అక్కడ పెట్టేవాడు కాదు, గోడకి చేరేసేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు కుర్చీలో కూర్చుని ఎడం చెయ్యి తిప్పుతూ గాల్లో గేర్లు మార్చుకునేవాడు. అమ్మ చూసీ చూడనట్టు పప్పు ఏరుకునేది.

ఇక పక్కిల్లు. అందులో శాంతాబాయి, ఆమె భర్త ఉమాపతి. ఆయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. కొత్తల్లో నేను ఆమెని పిన్నిగారూ అంటే, "పిన్నిగారేంది పిల్లా, పరాయిదాన్ని పిలిచినట్టు? చిన్నమ్మా అను," అని గదమాయించింది. అప్పట్నుంచీ చిన్నమ్మే.

బతుకమ్మ రోజు చిన్నమ్మ ఇంటి ముందుకెళ్ళి చూద్దును కదా, తంగేడు, గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి, పైన గుమ్మడిపువ్వు ఉండాల్సిన చోట ఇంకేదో పువ్వు పెట్టింది. అరచేతంత ఉంది. నిప్పు రంగు. చుట్టూ రేకులు, మధ్యలో పసుపు కన్ను. బళ్ళో చిన్నపిల్లలు పువ్వు బొమ్మ గీయమంటే గీస్తారే, అచ్చం అలాగే!

"చిన్నమ్మా, ఇది నిజం పువ్వేనా? కాగితానిది కాదు కదా?"

"పట్టి సూడు."

పట్టుకున్నాను. చల్లగా, మెత్తగా ఉంది. కాడ మీద సన్నటి నూగు. ఒక్క ఆకు కూడా లేదు.

"జెర్బెరా అంటరు. మా ఆయన పని జేసే కాడ ఒక ఆఫీసరమ్మ బదిలీ అయి పోతా పోతా కుండీలన్నీ ఇచ్చి పోయింది. పిలకలు మస్తుగొచ్చినయ్. గావాల్నా?"

కావాలా అని అడుగుతుందేమిటి! అప్పటికే నేను మా షెడ్డు వైపు చూస్తున్నాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర మెల్లిగా మొదలుపెట్టాను. "నాన్నా, షెడ్డులో మొక్కలు పెట్టుకోనా?"

"షెడ్డులో మొక్కలేంటే?"

"షెడ్డు లేదు కదా."

అమ్మకి పొలమారింది. నవ్వు ఆపుకోలేక. మామ్మ అయితే ఆపుకోనే లేదు. "పెట్టుకోనీరా రామం. ఆరేళ్ళుగా గేదె లేని కొట్టానికి కాపలా కాస్తున్నావు."

నాన్న మజ్జిగన్నం కలిపినంతసేపు ఆలోచించాడు. "సరే. స్కూటరు నంబరొచ్చేదాకా. వచ్చిన మర్నాడు పార తీసుకుని నేనే తవ్వేస్తాను. అప్పుడు ఏడుపులు ఉండకూడదు."

"ఏడవను నాన్నా!"

ఆరేళ్ళు రాని నంబరు ఈ చలికాలంలోనే వస్తుందా అని నా ధీమా. అప్పుడే కొంచెం ఆలోచించుకుని ఉండాల్సింది, కానీ నాకు పద్దెనిమిదేళ్ళు, ఒళ్ళో పిలకలున్నాయి, ఆలోచనెవరికి కావాలి?

ఇహ చూడండి నా హడావుడి! పొద్దున్నే కోఠీ కాలేజీకి బస్సెక్కేలోపు ఒకసారి, సాయంత్రం ఉప్పల్‌లో బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చి ఇంకోసారి, వాటి ముందు గొంతుక్కూర్చోవడమే పని. ఆకులు ముల్లంగి ఆకుల్లా నేలకి పరుచుకుని ఉంటాయి. మధ్యలోంచి, ఆకులన్నీ పుట్టే చోటినుంచి, బఠాణీ గింజంత మొగ్గ తల పైకెత్తుతుంది. మొదటి మొగ్గ కనిపించిన రోజు నేను గట్టిగా అరిచాను. తేలు కుట్టిందనుకుని అమ్మ చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

మామ్మకి మాత్రం నా పూలంటే చిన్నచూపు. తెల్లారగట్ల లేచి సజ్జ పట్టుకుని నాలుగిళ్ళ గన్నేరూ నందివర్ధనం కోసుకొచ్చే మనిషి. "వాసనుందా దీనికి?"

"లేదు మామ్మా."

"జడలో పెట్టుకుంటావా?"

"కాడ పొడుగు కదా."

"దేవుడికి పనికిరాదు, జడకి పనికిరాదు. మరెందుకే?"

"చూడ్డానికి!"

"చూడ్డానికి నేనున్నాగా," అంది మామ్మ.

అయినా ఆవిడ మనసు మెత్తన. ఒకరోజు నేను కాలేజీనుంచి వచ్చేసరికి ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది, చేతులకి మట్టి, ముఖంలో గొప్ప గర్వం. భీమవరంలో ఆవిడ చామంతులకి పెట్టింది పేరు. చామంతికి మొదలు చుట్టూ మట్టి ఎగదోస్తే పది కొమ్మలేస్తుందట. నా మొక్కలు మరీ నేలబారుగా ఉన్నాయని జాలిపడి, చెరువు మట్టి తట్టల కొద్దీ తెప్పించి, ఒక్కో మొక్కకీ ఆకుల మెడ దాకా ఎగదోసి, పైన ముద్దగా అద్ది, నీళ్ళు పోసి, దణ్ణం కూడా పెట్టిందట. నాకేం తెలుసు? నేను మామ్మని కావలించుకున్నాను.

వారం తిరక్కుండా ఆకులు వడలిపోయాయి. నీళ్ళు చాలలేదనుకుని ఇంకా పోశాను. ఇంకా వడలాయి. మొగ్గ నల్లబడి ఊడి చేతిలోకొచ్చింది. అది అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి పరిగెత్తాను.

శాంతాబాయి చిన్నమ్మ గోడ మీంచి తొంగిచూసి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యయ్యో, గొంతుల దాక మన్ను కొట్టిన్రేంది పిల్లా! ఊపిరెట్ల దీస్తది?"

సరిగ్గా అప్పుడే, సందు చివర్నుంచి, సైకిలు గంట ఆగకుండా మోగుతూ వచ్చింది. నాన్న! ఒంటి చేత్తో సైకిలు తొక్కుతున్నాడు, రెండో చేత్తో గాల్లో కార్డు ఊపుతున్నాడు. కుక్కలు వెంటపడుతున్నాయి.

"నంబరొచ్చింది! శ్యామలా! అమ్మా! నంబరొచ్చింది! మాఘంలో బండి!"

అమ్మ, మామ్మ, ఎదురింటివాళ్ళు, అందరూ బయటికొచ్చారు. నాన్న ముఖం చూడాలి మీరు. అంత సంతోషం నాన్న ముఖంలో నేనెప్పుడూ చూడలేదు, అందుకే నేనూ నవ్వాను, నిజంగానే నవ్వాను. నల్లబడ్డ మొగ్గ మాత్రం పిడికిట్లో దాచేశాను.

చిన్నమ్మ మాత్రం ఊరుకోలేదు. "సంతోషమే గని అన్నా, బండొచ్చేదాకనన్న గీ పిల్ల మొక్కలు బతకాలె గదా? ఆకులు పుట్టే కాడ మన్ను ఉండొద్దు. గాడ గాలాడాలె. నీళ్ళు నిలిస్తే మురిగిపోతది."

"ఎలాగూ తీసేసేవే కదమ్మా," అన్నాడు నాన్న నవ్వుతూ, సైకిలు గోడకి చేరేస్తూ.

నేను ఏడవనని మాటిచ్చాను కాబట్టి ఏడవలేదు. లోపలికెళ్ళి చాలా మంచినీళ్ళు తాగాను.

తర్వాత పనులు చకచకా సాగిపోయాయి. మర్నాడే నాన్న నా మడి నాలుగు మూలలా మేకులు పాతి దారం లాగాడు. పర్మిట్టు పట్టుకుని తిరిగి తిరిగి సిమెంటు బస్తాలు సంపాదించి, తడి తగలకుండా హాల్లో మామ్మ మంచం కింద పేర్పించాడు. మేస్త్రీ పాండురంగ వచ్చి, తల పాగా సవరించుకుని, దారం చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఒక్క దినం పని సారూ. గీ ఆకుకూర పీకి పారేసినంక మొదలుపెడ్తం," అన్నాడు.

"అది ఆకుకూర కాదు!" అన్నాను.

"మరేంది బిడ్డా? పప్పుల ఏస్తరా?"

"జెర్బెరా!"

"తింటరా?"

"తినరు!"

"గట్లయితే మరీ మంచిది. పీకితే ఎవ్వరు ఉపాసముండరు."

నాన్న పకపకా నవ్వాడు. నాకు మాత్రం మండిపోయింది.

ఆ సాయంత్రం నేను చెరువు మట్టిని వేళ్ళతో తీయబోయాను. అది ఎండి గట్టిగా బిగుసుకుపోయింది. కాస్త లాగితే ఆకు తెగి వచ్చేస్తోంది. రెండు ఆకులు తెగాక భయమేసి వదిలేశాను. ఎలాగూ తీసేసేవే కదా. నాన్న మాటే నాలోపల నేను అనుకుంటున్నాను, అదీ నా కోపం.

మర్నాడు పొద్దున్నే నీళ్ళ చప్పుడికి మెలకువొచ్చి కిటికీలోంచి చూశాను. మంచు ఇంకా విడలేదు. నాన్న మంకీ టోపీ పెట్టుకుని మడి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. పక్కన చెంబుతో నీళ్ళు, ఒక టీ చెంచా, పాత షేవింగు బ్రష్షు. ఆఫీసులో గడియారమంత పరికరాల్లోంచి దుమ్ము తీసేటప్పుడు ఎలా ఉంటాడో నాకు తెలీదు కానీ, అలాగే ఉండి ఉంటాడు. బ్రష్షుతో ఒక్క చుక్క తడి అద్దుతున్నాడు, మట్టి మెత్తబడేదాకా ఆగుతున్నాడు, చెంచా కొసతో గీరుతున్నాడు, మళ్ళీ బ్రష్షుతో ఊడుస్తున్నాడు. ఒక్క ఆకు తెగడం లేదు.

నేను మెట్ల మీదికొచ్చాను. "ఏం చేస్తున్నావు నాన్నా?"

"మేకు వంకర పోయిందేమోనని చూస్తున్నా."

మేకు ఆ మూలనుంది. నాన్న ఈ మూలనున్నాడు.

"కాఫీ అయిందేమో కనుక్కో," అన్నాడు తల ఎత్తకుండా.

నేను కనుక్కున్నాను. అయింది. తీసుకొచ్చి ఇచ్చాను. నాన్న ఒక చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చేత్తో గీరుతూనే ఉన్నాడు.

అన్నీ బతకలేదు. కానీ బతికినవి ఎలా బతికాయంటే! పుష్యమాసం ఎండ పడేసరికి ఒక్కో మొక్క మధ్యలోంచి మొగ్గలు పోటీలు పడి లేచాయి. ఎరుపు, గులాబీ, పండిన నారింజ రంగు. మొదటిది విచ్చిన పొద్దున నాన్న ఆఫీసుకి బయల్దేరి, గేటు తీసి, మళ్ళీ వెనక్కొచ్చి, దాని ముందు వంగి నిలబడ్డాడు.

"హైమా, ఇలా రా. చూశావా, డయలు మీద గీతలు కొట్టినట్టు! ఒక్క రేకైనా ఎడం తప్పిందేమో చూడు. మా ల్యాబు వర్క్‌షాపులో ఇంత కరెక్టుగా కొట్టమను చూద్దాం ఎవడినైనా!"

ఆరోజు నాన్న ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాడు. అంతకుముందు ఎప్పుడైనా అలా జరిగినట్టు మాకెవరికీ గుర్తులేదు.

పాండురంగ మేస్త్రీ మళ్ళీ వచ్చాడు. నాన్న మెట్ల మీద నిలబడి గడ్డం గోక్కున్నాడు. "ఇవాళ కాదు మేస్త్రీ. అమావాస్య దగ్గర్లో ఉంది."

ఆ తర్వాత వారం వచ్చాడు. "ఇప్పుడు మూఢం నడుస్తోంది. మూఢంలో పునాది తియ్యకూడదు."

పాండురంగ కళ్ళు చిట్లించి నా వైపు తిరిగాడు. "ఇల్లు కట్టే నాడు నేను ముహూర్తమంటే, గవన్నీ నమ్మనని నన్ను తిట్టిండు సారు. గిప్పుడు మూఢమంటడేందమ్మా?"

హాల్లోంచి మామ్మ గొంతు ఖంగుమంది. "మూఢమెక్కడిదిరా రామం? పోయిన నెల్లోనే వెళ్ళిపోయింది! పంచాంగం నా దగ్గరుంటే నువ్వెవడివిరా మూఢం పెట్టడానికి?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. పాండురంగ నాన్న వైపు చూశాడు, తర్వాత పూల వైపు చూశాడు, తర్వాత నా వైపు చూసి మీసంలో నవ్వుకున్నాడు. "సరే సారూ. ఆకుకూర మూఢం దిగినంక కబురు పెట్టున్రి," అని తాపీ సంచి భుజాన వేసుకుని పోయాడు.

మాఘంలో బండి రానే వచ్చింది! లేత నీలం రంగు. నాన్నకి తోడుగా ఉమాపతి బాబాయి వెళ్ళి, సికింద్రాబాదు నుంచి ఇద్దరూ దాని మీదే వచ్చారు. దారిలో ఎన్నిసార్లు ఆగిపోయిందో ఇద్దరిలో ఎవరూ చెప్పరు. కాలనీ అంతా గేటు ముందే. చిన్నమ్మ హారతి పళ్ళెం తెచ్చింది. అమ్మ పసుపుతో బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అంతా అయ్యాక చూస్తే పూలు లేవు! హడావుడిలో బంతిపూల దండ తేవడం అందరూ మర్చిపోయారు. ఆ పొద్దున మామ్మ సజ్జ నిండా తెచ్చిన పూలేమో దేవుడికి పెట్టేసింది.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే, మామ్మ మెట్లు దిగింది. తిన్నగా నా మడి దగ్గరికెళ్ళింది. వంగి, బాగా విచ్చిన నిప్పురంగు పువ్వుని చూసుకుని, కాడ మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగింది. తీసుకొచ్చి స్కూటరు హెడ్‌లైటు మీద, హ్యాండిల్ సందులో గుచ్చింది.

"దేవుడికి పనికిరాదన్నావు కదా మామ్మా?" అన్నాను.

"ఇది దేవుడు కాదుగా, బండి," అంది మామ్మ. "దీనికీ వాసన లేదు, దానికీ బుద్ధి లేదు. సరిపోయింది."

ఎంత నవ్వుకున్నామో! ఉమాపతి బాబాయి నవ్వలేక గేటు పట్టుకున్నాడు.

సాయంత్రమైంది. ఉమాపతి బాబాయి, బండి చూడ్డానికొచ్చిన పాండురంగ మేస్త్రీ తప్ప జనం వెళ్ళిపోయారు. ఇంక మిగిలింది ఒక్కటే ప్రశ్న, దాన్ని ఎవరూ అడగడం లేదు. బండి సందులో ఉంది. సందులో వదిలితే తెల్లారేసరికి ఉంటుందో లేదో. గేటు లోపల అడుగు పెట్టే చోటల్లా పూలు. నాన్న బండినీ పూలనీ మార్చి మార్చి చూశాడు. ఇదీ ఆ క్షణం. గోడవార పార ఉంది, మాటిచ్చింది నేను, ఏడవకూడదు.

నాన్న పంట్లాం మడిచాడు. "ఉమాపతీ, ఆ వెనక పట్టు. మేస్త్రీ, నువ్వు ముందు. మెట్లెక్కించేద్దాం."

"ఏడికన్నా?" అన్నాడు ఉమాపతి బాబాయి.

"హాల్లోకి."

గేటు నుంచి మెట్ల దాకా మనిషి నడిచే దారి ఒక్కటే ఉంది. ఆ దారెంట, ఒక్క ఆకు తొక్కకుండా, పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చినట్టు, ముగ్గురూ బండిని తెచ్చి మెట్లెక్కించారు. మామ్మ మంచం గోడకి జరిగింది. బండి మంచం పక్కన నిలబడింది.

"ఒరే రామం, నా పక్కన పెట్రోలు వాసనరా!"

"వాసన లేని పువ్వు నీకు నచ్చదుగా అమ్మా. వాసనున్నదే తెచ్చా," అన్నాడు నాన్న, చెమట తుడుచుకుంటూ.

షెడ్డు కోసం తెచ్చిన సిమెంటులో కొంత గడ్డకట్టింది. మిగిలిన దానితో పాండురంగ మెట్ల పక్కన ఏటవాలుగా ఒక బాట కట్టాడు, బండి ఎక్కడానికి. దారం ఊడదీశాం. ఒక్క మేకు మాత్రం మట్టిలో అలాగే ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఇప్పుడు గులాబీరంగు పువ్వు ఉంది.

ఇలా హాయిగా సాగిపోతోంది కదా, మరి నా సలహా సంగతేమిటంటారా? వస్తున్నా.

రోజూ సాయంత్రం నాన్న బండిని ఆ బాట మీద తోస్తాడు. బాట బాగా నిటారుగా వచ్చింది. సగంలో ఆగి, నడుం పట్టుకుని, "హమ్మయ్య," అంటాడు, మా వైపు చూసి నవ్వుతాడు, మళ్ళీ తోస్తాడు. నవ్వుతూనే ఉంటాడు, కానీ రాత్రి అమ్మ అమృతాంజనం డబ్బా తియ్యడం నేను చూశాను. ఇంకో సంగతి. పొద్దున్నే హాల్లో బండి స్టార్టు చేస్తే ఇల్లంతా పొగ. చుట్టాలొస్తే స్కూటరు వెనక సీటు మీద కూర్చోవాలి.

నిన్న ఉగాది. పచ్చడి తిన్నాక శాంతాబాయి చిన్నమ్మ గోడ మీంచి అంది: "తొలకరి పడంగనే పిలకలు తీసి నా పెరట్ల నాటుకో పిల్లా. జాగ మస్తున్నది. మీ నాయన నడుమిరుగుతున్నది." నిజమే, నాటుకోవచ్చు. కానీ కుండీలంటే ఇంటి ముందు ఎండలో పెట్టుకుంది గానీ, చిన్నమ్మ పెరడు నీడ, వీటికి ఎండ కావాలి. పైగా పొద్దున్నే తలుపు తియ్యగానే నాన్న కూడా ముందు చూసేది వీటినే. చూసి, డయలు చదివినట్టు ఎన్ని విచ్చాయో గొణుక్కుని, అప్పుడు వెళ్తాడు.

ఇవాళ సాయంత్రం నాన్న బండి ఎక్కించి, మెట్ల మీద కూలబడి, "నీ తోట. షెడ్డుకి నువ్వు ఊఁ అంటే మేస్త్రీకి కబురు పెడతాను, వద్దంటే లేదు. నా గురించి చూడకు," అన్నాడు. అమ్మ అమృతాంజనం డబ్బా తెచ్చి ఆయన పక్కన పెట్టింది. మామ్మ మాత్రం కిటికీలోంచి నన్ను పిలిచి చెవిలో చెప్పింది: "ఊఁ అనకే. వాడు తోస్తున్నది బండిని కాదు, వాడి సరదాని. పైగా ఆ బండి పక్కనుంటే రాత్రి నాకు తోడుగా ఉంటోంది."

అదీ సంగతి. నా కోసం ఆరేళ్ళ షెడ్డు వదులుకున్న మనిషి మెట్ల మీద కూర్చుని నడుం నొక్కుకుంటున్నాడు. ఆయన చేత్తో బ్రష్షు పెట్టి బతికించిన మొక్కలు ఎదురుగా ఊగుతున్నాయి. మెట్లకి ఒక పక్క పార ఉంది, ఇంకో పక్క నీళ్ళ చెంబు ఉంది, నాన్న నా వైపే చూస్తున్నాడు. చెప్పండి, నా చోట మీరుంటే చెయ్యి దేని వైపు చాస్తారు?